గొఱ్ఱె మీద గంత

"గంతకు తగ్గ బొంత" అన్న సామెత ఎఱుగనివారు మనలో ఉండరు. ఒకరికొకరు సరిగ్గా అతికిన జంటను చూసి కొంత మెచ్చుకోలుగా, మరికొంత వెక్కిరింతగా అంటూంటాం. ముప్ఫయ్యేళ్ళ పైచిలుకు తెలుగు పండితుడిగా పనిచేసిన నేను ఈ సామెతను ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. అందులో సగం కాలం తప్పు చెప్పాను.

"కళ్ళకు గంతలు కట్టడం" అన్న పలుకుబడి ఉన్నది కదా. అందుచేత గంత అంటే కళ్ళకు కట్టే గుడ్డ అనీ, పాతగుడ్డకు పాతబొంతే తగిన అతుకు అనీ తేల్చి చెప్పేవాణ్ణి. నిఘంటువు తెరవవలసిన అవసరమే తోచలేదు. తెలిసిన మాట అనుకున్నదాని కోసం నిఘంటువు తెరిచేవారు అరుదు.

1991లో, పాలమూరు ప్రాంతపు బడి ఒకదానిలో ఏడవ తరగతికి ఇదే పాఠం చెబుతూంటే వెనుక వరుసలోంచి ఒక పిల్లవాడు లేచి నిలబడ్డాడు. కురుమల ఇంటి బిడ్డ. ఎండలు ముదిరితే వాళ్ళ తాత మందను తోలుకొని నెలల తరబడి పోయేవాడు. వంటగిన్నెలూ బియ్యమూ మోయడానికి వెంట ఒక గాడిద ఉండేది.

"గంత అంటే గుడ్డ కాదు సార్. మా తాత గాడిద మీద ఏసేదాన్ని గంత అంటడు."

నేను జవాబు చెప్పేలోగా పక్కవాడెవడో "గొర్రెల మీద గూడ ఏస్తరారా?" అన్నాడు. తరగతి ఘొల్లుమంది. అక్కడ నేను ఆ పిల్లవాడి పక్షాన నిలవవలసింది. నిలవకపోగా, "గొఱ్ఱె మీద బరువు పెడితే అది మోస్తుందట్రా, తననే మోయమంటుంది" అన్నాను. నవ్వు రెట్టింపయింది. పిల్లవాడు తల వంచుకొని కూర్చున్నాడు. మళ్ళీ ఆ ఏడాదంతా నా గంటలో నోరు విప్పలేదు.

ఆ రెండు నిమిషాలలో నేను రెండు తప్పులు చేశాను. మొదటిది కొన్నేళ్ళకు నిఘంటువు పట్టించింది. రెండవది పట్టుబడడానికి ఉద్యోగ విరమణ దాకా ఆగవలసి వచ్చింది. ఈ టపా ముఖ్యంగా ఆ రెండవదాని గుఱించి.

మొదటిదాన్ని త్వరగా ముగిస్తాను. బరువు మోసే పశువు వీపున, బరువుకు ఆధారంగా వేసే దళసరి మెత్తను గంత అంటారు. ఆ పిల్లవాడిదే ఒప్పు. స్వారీకి వేసేదానికి వేరే మాటలున్నాయి. సంస్కృతంలో పర్యాణం, అదే పల్యాణమయింది, మన పాత తెలుగులో పల్లం. పారశీకం నుండి జీను వచ్చి వీటన్నిటినీ వెనక్కి నెట్టింది. స్వారీ జీనుకూ గంతకూ పేరులోనే కాదు, పనిలోనూ భేదం ఉంది. జీను మీద కూర్చున్నవాడు గుఱ్ఱం ఒరిగితే తాను సర్దుకుంటాడు. ఉప్పుబస్తా సర్దుకోదు. అది ఎటు ఒరిగితే అటే లాగుతుంది. కాబట్టి బరువు మోసే జంతువుకు వేసే గంత, ఆ జంతువు కొలతకే కుట్టినది కావాలి; దాని కింద వేసే బొంత ఆ గంతకు సరిపడేది కావాలి. బొంత చిన్నదయితే గంత అంచు వీపును కోస్తుంది. పెద్దదయితే ముడతలు పడి పుండు చేస్తుంది. సామెత పుట్టింది ఆ పుండులోంచి అని నా అభిప్రాయం. పెళ్ళిపందిట్లోకి అది తరువాత నడిచి వచ్చి ఉంటుంది.

ఇక గొఱ్ఱె.

విరమణ తరువాత తీరుబడిగా చదివిన వాటిలో పండిత్ నైన్ సింగ్ రావత్ యాత్రల కథ ఒకటి. ఈయన పేరు ముందున్న "పండిత్" శబ్దమే నన్ను మొదట ఆకర్షించింది. అది శాస్త్రపాండిత్యం వల్ల వచ్చిన బిరుదు కాదు; బడిపంతులు కనుక వచ్చిన పిలుపు. ఇప్పటి ఉత్తరాఖండ్‌లో, టిబెట్టు సరిహద్దుకు చేరువగా జోహార్ లోయలో మిలం అనే ఊరుంది. నైన్ సింగ్ అక్కడివాడు, అక్కడి బడిలో ఉపాధ్యాయుడు. టిబెట్టులోకి తెల్లవారికి ప్రవేశం లేని ఆ రోజుల్లో, 1863లో సర్వే శాఖవారు ఆయననూ దాయాది మణి సింగ్‌నూ చేర్చుకొని తర్ఫీదిచ్చారు. 108 పూసలుండవలసిన జపమాలలో 100 పూసలే గుచ్చుకొని, అడుగులు లెక్కపెడుతూ, రెండువేల అడుగులకు ఒక మైలు చొప్పున ఒక దేశాన్ని కొలిచిన మనిషి. ఈ సంగతులు చాలామందికి తెలిసినవే.

నన్ను నిలబెట్టినది ఆయన చివరి మహాయాత్ర. 1874 జూలైలో లేహ్ విడిచి, టిబెట్టు ఎగువ పీఠభూమి మీదుగా లాసాకు, అక్కడినుండి తవాంగ్ మీదుగా 1875 మార్చిలో అస్సాంకు చేరాడు. ఆ దారిలో సామాను మోసినవి గుఱ్ఱాలూ కావు, జడలబఱ్ఱెలూ కావు. 26 గొఱ్ఱెలు. ఒక్కొక్కదాని మీద 20 నుండి 25 పౌన్ల బరువు, అంటే సుమారు 10 కిలోలు. వాటిలో నాలుగైదు మాత్రం వెయ్యి మైళ్ళకు పైబడిన ఆ దూరం పూర్తిగా నడిచి లాసా దాకా వచ్చాయి. ఈ యాత్రా వృత్తాంతాన్ని లండన్ భౌగోళిక సంఘం పత్రికకు సమకూర్చి పంపిన కెప్టెన్ ట్రాటర్ ఈ గొఱ్ఱెల సంగతిని ప్రత్యేకంగా చెప్పాడు.

గొఱ్ఱె బరువు మోస్తుందట్రా అని నవ్వించిన పంతులుకు, గొఱ్ఱెల మీద సామాను వేసుకొని లాసా చేరిన పంతులు జవాబు చెప్పాడు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

అయితే నైన్ సింగ్ వింతపని చేయలేదు. తన ఊరివాళ్ళు తరతరాలుగా చేస్తున్నదే చేశాడు. జోహార్, దార్మా, బ్యాంస్, నీతీ, మాణా లోయల భోటియాలు (తమను శౌకాలమని కూడా చెప్పుకొంటారు) ఏటా వేసవిలో కనుమలు తెఱుచుకోగానే ధాన్యం, బెల్లం, బట్టలు గొఱ్ఱెల మీదా మేకల మీదా వేసుకొని టిబెట్టు సంతలకు పోయేవారు. తిరుగుదారిలో ఉప్పు, ఉన్ని, వెలిగారం. సుమారు రెండు దశాబ్దాలు కుమావున్ కమిషనరుగా ఉన్న ట్రెయిల్ ఈ వర్తకాన్ని గుఱించి వివరంగా వ్రాసిన నివేదిక 1832లో అచ్చయింది. అంతకు ముందే 1812లో, కుంపిణీ వారి గుఱ్ఱపుసాలల అధికారి మూర్‌క్రాఫ్ట్, గోసాయి వేషం వేసుకొని నీతీ కనుమ దాటి మానససరోవరం దాకా పోయాడు. గుఱ్ఱాల వైద్యుడు, శాలువాల ఉన్నినిచ్చే మేకల కోసం మారువేషం వేయడం నాకు భలే సరదాగా తోస్తుంది.

గొఱ్ఱెనే ఎందుకు? కారణం మేతలో ఉంది. గుఱ్ఱానికీ కంచరగాడిదకూ దాణా కావాలి. గడ్డి పలచనైన ఆ ఎత్తుల్లో దాణాను కూడా వెంట మోసుకుపోవాలి. దారి పొడవయినకొద్దీ పశువు తన తిండిని తానే మోస్తుంది తప్ప సరుకును మోయదు. గొఱ్ఱె నడుస్తూనే మేస్తుంది. రోజుకు నాలుగైదు కోసులకు మించి నడవకపోవచ్చు, కాని దాని తిండికి దమ్మిడీ ఖర్చు లేదు. మనిషి ఒక్కడే ఒదిగి నడవగల కొండచరియ దారిలో కూడా అది సాగిపోతుంది. వంద గొఱ్ఱెలు కలిస్తే పది క్వింటాళ్ళ సరుకు. ఒకటి లోయలో పడినా పోయేది పది కిలోలే. గుఱ్ఱం పడితే సంసారమే పడినట్టు. ఆపై సరుకును మోసిన గొఱ్ఱె తన ఉన్నిని కూడా సంతలో అమ్మిపెడుతుంది. వాహనమే సరుకయిన వర్తకం ఇంకెక్కడ ఉందో నాకు తెలియదు.

ఇప్పుడు దాని గంత సంగతి. ఇక్కడే నాకు అన్నిటికన్నా ముచ్చట వేసింది. గొఱ్ఱెకు గంత లేదు. అంటే వేఱే గంత అక్కఱలేదు. దాని వీపున పెరిగిన ఉన్నే గంత. దాని మీద వేసేది ఒక జంటసంచి. ముతక ఉన్నితోనో మేకవెంట్రుకలతోనో గట్టిగా నేసిన పట్టీని మడిచి రెండు చిన్న సంచులుగా కుట్టి, నడుమ కలుపుతారు. ఒకటి ఇటు, ఒకటి అటు. రాపిడి తగిలేచోట తోలు వేస్తారు. కుమావున్ వైపు దీనిని కర్‌బచ్ అంటారు. నేపాలు వాయవ్య మూల హుమ్లాలో లుకల్. టిబెట్టు భాషలో 'లుగ్' అంటే గొఱ్ఱె, 'ఖల్' అంటే బరువు. మన పెరిక కూడా ఇలాంటి మాటే, ఎద్దు మీద వేసే జంటసంచి. ఆ పని చేసినవారికి అదే కులనామమయింది.

సంచి జారకుండా మూడు కట్లు. పొట్ట కింద ఒకటి. ఱొమ్ముకు అడ్డంగా ఒకటి. అది లేకపోతే ఎగువకు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జారుతుంది. తోక కింద ఒకటి. అది లేకపోతే దిగువకు దిగేటప్పుడు మెడమీదికి వస్తుంది. మైదానంలో పశువుకు పొట్టకట్టు ఒక్కటి చాలునేమో కాని, కొండకు మూడూ కావాలి. మూడింటిలోనూ బిగువు పాళ్ళు తెలియాలి: పొట్టకట్టు మరీ బిగిస్తే గొఱ్ఱె మేయలేదు, మేయకపోతే ఈ వర్తకానికి అర్థమే లేదు. రెండు సంచుల బరువు సమంగా ఉండాలి. ఒకవైపు కాస్త ఎక్కువైతే మధ్యాహ్నానికల్లా సంచి పొట్ట కిందికి తిరుగుతుంది, కాళ్ళకు అడ్డంపడి జంతువు చరియ మీదనుండి పోతుంది. ఉప్పు దీనికి అనువైన సరుకు, కొద్ది చోటులో ఎక్కువ బరువు ఇముడుతుంది కనుక సంచి చిన్నదయినా సరిపోతుంది. ఉన్ని అలా కాదు. బరువు తక్కువ, బూరటం ఎక్కువ. సాధారణంగా వట్ట తీసిన మగవాటినే మోతకు పెడతారు. విడిది చేరాక సంచులు దించి ఒకదానిమీద ఒకటి పేర్చితే అదే గోడ, గాలికి అదే చాటు. పొద్దున్నే వందల గొఱ్ఱెలకు మళ్ళీ మూడేసి కట్లు. ఆ పని తలచుకుంటేనే నాకు నడుము నొప్పి.

అమెరికాలో 1970ల నుండి కొందరు కొండదారుల్లో సామాను మోయడానికి మేకలను తయారుచేస్తున్నారు. వాళ్ళవి పెద్దజాతి పాడిమేకలు. చెక్కతో చేసిన ఇంటూగుర్తు ఆకారపు జీను వేస్తారు. ఆ మేకకు ఉన్ని లేదు కనుక కింద మెత్త తప్పనిసరి. అక్కడ మళ్ళీ గంతా బొంతా రెండూ వచ్చాయన్నమాట. వాళ్ళ లెక్క కూడా జంతువు బరువులో నాలుగోవంతుకు అటూఇటూగానే ఉంటుంది. 40 కిలోల గొఱ్ఱె మీద 10 కిలోలు వేసిన భోటియాలు ఈ లెక్కను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

హుమ్లా వర్తకాన్ని గుఱించి నేను చదివినది ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1975లో వెలువరించిన హిమాలయ వర్తకుల గ్రంథంలో. ఆ పేరు చూడగానే సొంతూరి మనిషి కనబడినట్టయింది. నల్లమల చెంచుల మీద 1943లో, గోదావరి కొండరెడ్ల మీద 1945లో గ్రంథాలు వ్రాసి, ఆదిలాబాదు మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకు పునాది వేసిన ఆ మానవశాస్త్రవేత్తే ఈయన. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నిజాం రాజ్యం దాటి పోరాదన్న ఆంక్ష ఆయనను మన అడవుల్లో నిలిపింది. తరువాత నేపాలు కొండలెక్కాడు. అడవిలోనైనా కొండమీదనైనా, ఎవరేమి తింటున్నారు, దానికి బదులు ఏమి ఇస్తున్నారు అన్న ప్రశ్న ఆయనను వదలలేదు. టిబెట్టు ఉప్పు దక్షిణానికి, దిగువలోయల బియ్యం ఉత్తరానికి, నడుమ గొఱ్ఱె.

పై జాబితాలో వెలిగారం అన్నాను. ఇది మనకు పరాయిది కాదు. కంసాలి పొయ్యి దగ్గర కాసేపు కూర్చున్నవారెవరైనా చూసే ఉంటారు. బంగారం అతకాలంటే వెలిగారం చల్లాలి. దాని సంస్కృత నామం టంకణం. ఐరోపావారు టింకాల్ అన్నది ఇదే. ఇది టిబెట్టు సరస్సుల తీరాల్లోనూ, లదాఖ్‌లోని పూగా లోయలోనూ దొరికేది. గొఱ్ఱెల మీదా మేకల మీదా కనుమలు దాటి కుమావున్ బజార్లకు, అక్కడనుండి దేశమంతటికీ, సముద్రాలవతలికీ వెళ్ళేది. భారతంలో సభాపర్వంలో, ధర్మరాజుకు చీమలు తవ్విన బంగారం కానుకగా తెచ్చిన ఉత్తరదేశపు జాతుల పట్టికలో పరతంగణులు కనిపిస్తారు. తంగణ శబ్దానికీ టంకణానికీ చుట్టరికం ఉందని కొందరు పండితుల మాట. 19వ శతాబ్దిలో ఇటలీలోని టస్కనీ నుండి ఈ సరుకు చౌకగా రావడంతో కొండమీది వెలిగారం మన్నన తగ్గింది. కాని అంతకు ముందు వందల ఏళ్ళపాటు ఈ దేశపు మంగళసూత్రాల్లో కొన్నయినా గొఱ్ఱె మోసిన టంకణంతో అతికినవేనని ఊహించడం తప్పు కాదనుకుంటాను.

వ్యాకరణం చదివినవారి కోసం ఒక్క మాట, తక్కినవారు దాటిపోవచ్చు. గోనె మనకు గోణీ శబ్దం నుండి వచ్చింది. పాణిని చిన్న గోణిని గోణీతరి అనడానికి ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు. ఎద్దు మీది గోణి ఉండగా చిన్నగోణి ఎవరి వీపుకు కావలసివచ్చిందో! పాణిని పుట్టినది వాయవ్యపు కొండల దాపున అని గుర్తుచేసుకుంటే నాకు ఒక జవాబు తోస్తుంది. అది నా ఊహ మాత్రమే. కాత్యాయనుడి వార్తికంలోనైతే అజపథం స్పష్టంగానే ఉంది: మేకలదారిన వచ్చిన సరుకు ఆజపథికం. బుధస్వామి బృహత్కథాశ్లోకసంగ్రహంలో సానుదాసుడనే వర్తకుడు అలాంటి దారిలోనే పోతాడు. అగాధం అంచున, వెనక్కి తిరగడానికి వీలులేని ఇఱుకుబాటలో మేకలెక్కిన రెండు బిడారులు ఎదురుపడతాయి. ఒక పక్షం చావక తప్పదు. చిన్నప్పుడు దీనిని అద్భుతకథగా చదివాను. ఇప్పుడు చదివితే దారివెడల్పు తెలిసినవాడు వ్రాసినదిగా అనిపిస్తుంది.

మన నేల మీద ఉప్పు మోసినవి ఎద్దులూ గాడిదలూ. లంబాడీల బిడారులు అందఱికీ తెలుసు. ఉప్పు కొరచలు, అంటే ఎరుకలలో ఒక శాఖవారు, కోస్తా ఉప్పును లోపలి పల్లెలకు మోసి ధాన్యానికి మార్చుకొనేవారు. రైలు వచ్చింది, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, మోత పోయింది. మోత పోయి ఊరికే తిరుగుతున్నవాళ్ళ మీద దొంగలన్న ముద్ర పడింది. నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చి, ఎరుకలను ఠాణా రిజిస్టరులో ఎక్కించింది. దేశమంతటా ఆ చట్టం పూర్తిగా రద్దయ్యేసరికి 1952 వచ్చింది. గంత దించిన మనిషిని లోకం ఎలా చూస్తుందో దీనిని బట్టి తెలుస్తుంది.

కొండమీద ఆ రోజు 1962లో వచ్చింది. చైనాతో యుద్ధం కాగానే కనుమలు మూతపడ్డాయి. వందల గడపలున్న మిలం, నైన్ సింగ్ బడి చెప్పిన మిలం, చాలావఱకు పాడుపడింది. సరుకు లేని మందను మేపేదెవరు? అమ్ముకున్నారు. భోటియాలకు 1967లో షెడ్యూల్డు తెగగా గుర్తింపు వచ్చి, చదువుకున్నవారు ఉద్యోగాల్లోకి పోయారు. లిపులేఖ్ కనుమలో వర్తకం 1992లో మళ్ళీ మొదలై 2020లో ఆగింది. తిరిగి తెఱవడానికి రెండు దేశాలూ 2025లో ఒప్పుకున్నాయి. హుమ్లాలో గొఱ్ఱెల బిడారు మఱికొన్నాళ్ళు నడిచింది. అక్కడ దానిని దెబ్బతీసినది యుద్ధం కాదు. దిగువనుండి వచ్చిన అయొడిన్ ఉప్పు చౌక, గొంతువాపు రానివ్వదు, ఆరోగ్యానికి మేలు. టిబెట్టు ఉప్పు దానిముందు నిలవలేదు. దానికి తోడు శీతకాలంలో మంద దిగి మేసే మధ్యకొండల అడవుల్లో మేతకు కట్టుబాట్లు వచ్చాయి. మంచిపనుల వల్ల కూడా ఒక బ్రతుకు ఆగిపోతుందని చెప్పడానికి మనసు రాదు కాని, అయినది అదే.

ఇదంతా చదివాక ఆ పిల్లవాడి కోసం వాకబు చేశాను. పిల్లవాడేమిటి, నలభై దాటినవాడు. ఊళ్ళోనే ఉన్నాడు, మంద లేదు, ట్రాక్టరు నడుపుతున్నాడు. నేను వెళ్ళేసరికి వాకిట్లో మంచం వాల్చి, "కూసోండి సార్" అన్నాడు. తరగతి సంగతి ఎత్తితే తనకు గుర్తులేదన్నాడు. గుర్తున్నదని అతని మొహం చెప్పింది. 26 గొఱ్ఱెల కథ మొదటినుండి చివరిదాకా చెప్పాను. మధ్యలో ఒక్కసారి మాత్రం అడ్డు తగిలాడు.

"ఉన్ని గొరిగినంక ఎట్ల సార్? ఈపుకు ఒరుసుకపోదా?"

ఇన్ని పుస్తకాలు చదివి నేను అడగని ప్రశ్న. సంతకు చేరాక, బరువు దించాక గొరుగుతారన్నాను. "మరి తిరిగొచ్చేటప్పుడు ఉప్పు ఉంటదంటిరి గదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

నవ్వి, లోపలికి పోయి అటకమీదనుండి తాత గంతను దించుకొచ్చాడు. గోనెపట్టాలో వరిగడ్డి కూరి అడ్డకుట్లు వేసినది. నడుమ వెన్నెముక ఆనకుండా పొడుగునా పల్లం. దానికింద బొంత, పాత నల్లగొంగడిని గంత కొలతకే కత్తిరించి నాలుగు మడతలు కుట్టినది. ఒకదానిమీద ఒకటి పెట్టి చూపించాడు. అంచుకు అంచు సరిపోయింది. బొంత అడుగున గాడిద వెంట్రుకలు ఇంకా అంటుకొనే ఉన్నాయి.